ఊపిరికి తూకం



ఈ నెల మేము చెప్పదలచుకొన్నది మా వల్ల జరిగిన ఒక పొరపాటు గురించి. దానితో మొదలుపెడితేనే తక్కిన విషయం అర్థవంతంగా ఉంటుంది.

గత చలికాలంలో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని మదరసా వరండాలో కూర్చొని ఉన్నాము. పూర్వం మా వద్ద చదువుకొన్న ఒక యువకుడు ఫోను చేశాడు. "హజరత్! అబ్బాకు ఆయాసం ఎక్కువైంది. మీరొకసారి వచ్చి దుఆ చేసి వెళితే అమ్మీకి ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. రోగిని పరామర్శించడం మనపై ఉన్న హక్కు కదా! వెంటనే బయలుదేరాము.

ఆ పెద్దమనిషి యౌవనమంతా మార్కాపురం ప్రాంతంలో పలకల పనిలో గడిపినవారు. రాయి కోసేచోట, పలక అరగదీసేచోట లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి దానిని పీల్చిన ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడిపోతాయి. దానికి తోడు బీడీ అలవాటు కూడా ఉండేది. గిద్దలూరుకు వచ్చి స్థిరపడిన తరువాత రెండూ మానారు గాని, దగ్గూ ఆయాసమూ వారిని మానలేదు.

వారి ఇంట్లో ఒక ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పనిచేస్తున్నది. 2021లో కరోనా రెండవ విడత ఉధృతంగా ఉన్న రోజుల్లో మా ఊరి యువకులు చందాలు వేసుకొని కొన్న యంత్రమది. మసీదులో భద్రపరచి, అవసరమైన వారికి కులమతాల తేడా లేకుండా ఇస్తున్నారు. ఆ సాయంత్రం వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ 84 చూపించిందట. కుమారుడు భయపడి యంత్రాన్ని ఐదు లీటర్లకు తిప్పాడు. మేము వెళ్ళేసరికి అంకె 97కు చేరింది. ఆయన కళ్ళు మూసుకొని పడుకొని ఉన్నారు. ఆయాసం కూడా తగ్గినట్టే కనిపించింది. మేము ఆ అంకెను చూసి, "అల్‌హమ్దులిల్లాహ్! ఇక భయం లేదు. రెండు రాత్రులుగా నిద్రలేదు కదా, పడుకోనివ్వండి" అన్నాము. ఇంటివారు మా మాట మీద నమ్మకంతో ఊరట చెందారు.

పొరుగింట్లో విశ్రాంత స్టాఫ్ నర్సు ఒకరున్నారు. వీధిలో అందరూ ఆమెను అక్కగారనే పిలుస్తారు. ఆమె చూడడానికి వచ్చి, ముందు అంకె వంక చూడలేదు. రోగి భుజం తట్టి పేరుపెట్టి పిలిచారు. పలకలేదు. గట్టిగా నొక్కి పిలిచారు. కళ్ళు సగం తెరచి మళ్ళీ మూసుకొన్నారు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో గడియారం చూస్తూ లెక్కపెట్టారు. తరువాత మా వైపు తిరిగి, "హజరత్ గారూ! ఇది నిద్ర కాదండీ, మత్తు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి" అన్నారు.

ఆ రాత్రే నల్లమల కనుమ దాటించి నంద్యాల వైపు తీసుకువెళ్ళారు. అక్కడ మణికట్టు దగ్గరి ధమని నుండి రక్తం తీసి పరీక్షించారు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పీడనం 96 ఉన్నది. ఆరోగ్యవంతులలో అది 35కూ 45కూ మధ్య ఉండాలి. రక్తం ఆమ్లగుణం పొంది, 7.4 దగ్గర ఉండవలసిన పీహెచ్ 7.2కు పడిపోయింది. తెల్లవారకముందే ఆయనను వెంటిలేటర్ మీద ఉంచవలసి వచ్చింది. వేలి మీది అంకె మాత్రం ఆసుపత్రి గుమ్మం వరకు 97 అనే చెబుతూ వచ్చింది.

ఆ అంకె అబద్ధం చెప్పలేదు. తనను అడిగిన ప్రశ్నకు అది సరిగానే జవాబిచ్చింది. మేమే దానిని అడగని ప్రశ్నకు జవాబుగా తీసుకొన్నాము. ఈ తేడా మాకు ఆసుపత్రి వరండాలో ఒక వైద్యుడు ఓపికగా వివరించేదాకా తెలియలేదు. తరువాత కొంత చదివి, కొంత అడిగి తెలుసుకొన్నదానిని ఇక్కడ మీ ముందుంచుతున్నాము.

శ్వాసలో రెండు పనులు జరుగుతాయి. మొదటిది ప్రాణవాయువును లోనికి తీసుకొని రక్తానికి అందించడం. రెండవది శరీరంలో తయారైన బొగ్గుపులుసు వాయువును బయటికి పంపడం. మనకు మొదటి పనే గుర్తుంటుంది. రెండవది ఆగితే కూడా మనిషి బ్రతకడు. పల్స్ ఆక్సీమీటర్ మొదటి పనిని మాత్రమే, అదీ పరోక్షంగా చూపుతుంది. రెండవ పని గురించి దానికేమీ తెలియదు. బయటి నుండి ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చినప్పుడు, ఊపిరి మందగించినా రక్తంలో ఆక్సిజన్ చాలాసేపు నిండుగానే ఉంటుంది. ఆ లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకుపోయి మెదడును మత్తులో ముంచుతుంది. పైగా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న కొందరికి మితిమీరిన ఆక్సిజనే ఈ పేరుకుపోవడాన్ని పెంచుతుంది. అందుకే అటువంటి వారికి వైద్యులు సాధారణంగా 88 నుండి 92 వరకు ఉంటే చాలంటారు. మేము సంతోషించిన 97 వారి విషయంలో సంతోషించవలసిన అంకె కాదు.

రక్తమూ గాలీ కలిసే చోటు ఊపిరితిత్తులేనన్న సంగతిని మన పూర్వీకులలో ఒకరు చాలా ముందుగా వ్రాశారు. డమాస్కస్‌లో పుట్టి కైరోలో వైద్యం చేసిన ఇబ్నున్నఫీస్ 13వ శతాబ్దంవారు, 1288లో మరణించారు. గుండె కుడి గది నుండి ఎడమ గదికి మధ్యగోడలోని రంధ్రాల ద్వారా రక్తం పోతుందని గాలెన్ కాలం నుండి వైద్యులు నమ్మేవారు. ఇబ్నె సీనా గ్రంథంలోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్య వ్రాస్తూ ఇబ్నున్నఫీస్ ఆ మాటను కాదన్నారు. ఆ గోడకు రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తులలోనికి వెళ్ళి అక్కడ గాలితో కలిసి గుండె ఎడమవైపుకు తిరిగి వస్తుందన్నారు. ఐరోపాలో హార్వే రక్తప్రసరణ గ్రంథం వెలువడింది 1628లో. గురువుల మాటైనా సరే, చూచినదానితో సరిపోలకపోతే మళ్ళీ పరిశీలించాలన్నది ఇబ్నున్నఫీస్ మనకు నేర్పిన పాఠం.

ఊపిరిని గమనించడంలో ఎంత జాగ్రత్త కావాలో చెప్పే మరొక చరిత్ర మన హైదరాబాదులోనే ఉన్నది. 1847లో స్కాట్లాండ్‌లో క్లోరోఫాం మత్తుమందుగా వాడుకలోకి వచ్చింది. మరుసటి సంవత్సరమే దాని కింద ఒక బాలిక చనిపోయింది. క్లోరోఫాం ముందు ఊపిరిని ఆపుతుందా, గుండెను ఆపుతుందా అన్న వాదం దశాబ్దాలు నడిచింది. మత్తు ఇచ్చేవారు దేనిని కనిపెట్టుకొని ఉండాలన్నది దాని మీదే ఆధారపడి ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లౌరీ, ఊపిరిని మాత్రమే గమనిస్తే చాలునని గట్టిగా నమ్మినవారు. ఆయన 1888లో ఒక కమిషన్ నడిపారు. దాని ఫలితాలను లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం వారు ఖర్చులకు వెయ్యి పౌన్లు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధినే రప్పించి పరీక్షించమన్నారు. 1889లో లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు హైదరాబాదుకు వచ్చారు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలో హైదరాబాదు వైద్య పాఠశాలలో తయారైనవారే.

రెండవ కమిషన్ కూడా లౌరీ మాటనే బలపరిచింది. ఎల్లప్పుడూ ఊపిరే ముందు ఆగుతుంది, గుండె తరువాత ఆగుతుంది, కనుక ఊపిరిని చూస్తే చాలునన్నది. ఇరవై ఏళ్ల తరువాత, 1911లో, గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లీషు వైద్యుడు తేలికపాటి క్లోరోఫాం మత్తులో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని పరీక్షించి చూపారు. అంటే ఊపిరిని గమనించాలన్న హైదరాబాదు సలహా మంచిదే. ఆ సలహాతో ఎన్నో ప్రాణాలు నిలిచి ఉంటాయి. కాని అదొక్కటే చాలునన్న తీర్పు తప్పు. వారు శ్రమ పడలేదని గాని, నిజాయితీ లేదని గాని ఎవరూ అనరు. ఒకే కొలతను నమ్మి మిగిలినవాటి మీద కన్ను మూసుకొన్నారు. మేము ఆ రాత్రి చేసిన పని కూడా ఇదే. తేడా ఒక్కటే, వారు ఊపిరిని చూచి గుండెను వదిలారు, మేము వేలిని చూచి ఊపిరిని వదిలాము.

ఇంకొక సంఘటన 1952 నాటిది, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లోనిది. ఆ వేసవిలో పోలియో మహమ్మారి నగరాన్ని చుట్టుముట్టింది. ఊపిరి కండరాలు చచ్చుబడినవారు బ్లెగ్డం ఆసుపత్రిలో నిండిపోయారు. తొలి వారాలలో అప్పటి యంత్రాల సాయం పొందిన 31 మందిలో 27 మంది చనిపోయారు. ఆ రోగుల రక్తంలో బొగ్గుపులుసు వాయువు మొత్తం మోతాదు ఎక్కువగా కనిపించేది. రక్తం క్షారగుణం పొందడం వల్ల అలా ఉన్నదని అక్కడివారు అనుకొన్నారు. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ వేరే అర్థం చెప్పారు. రోగులు గాలిని బయటికి పంపలేకపోతున్నారు, అందుకే ఆ వాయువు పేరుకుపోతున్నదన్నారు. కావలసింది చేతితో గాలి అందించి ఊపిరి ఆడించడమేనని చెప్పి, ఆగస్టు 27న పన్నెండేళ్ల ఒక బాలికకు గొంతు వద్ద గొట్టం అమర్చి నిరూపించారు. పీహెచ్ కొలిచి చూస్తే రక్తం ఆమ్లంగా ఉన్నదని తేలింది. ఆ తరువాత సుమారు పదిహేనువందల మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు రబ్బరు సంచులను చేతులతో నొక్కుతూ రోగులకు ఊపిరి పోశారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. నేటి ఐసీయూలకు అదే నాంది. అంకె ఒక్కటే, దాని అర్థం తప్పుగా తీసినన్నాళ్లు పిల్లలు చనిపోయారు. సరిగా తీసిననాడు బ్రతికారు.

ఇక నంద్యాల వైపు ఆసుపత్రికి తిరిగి వద్దాం. రోగి వెంటిలేటర్ మీద ఉన్న మూడవ రోజున ఇంటివారు మమ్మల్ని అడిగారు. "హజరత్! రోజుకు రెండు మూడుసార్లు రక్తం తీస్తున్నారు. బిల్లు కోసమే చేస్తున్నారేమో, మీరు మాట్లాడండి" అన్నారు. ఈ అనుమానం మన ఇళ్లల్లో చాలామందికి కలుగుతుంది. మేము వైద్యుణ్ణి మర్యాదగా అడిగాము. ఆయన చెప్పిన సమాధానం ఇది.

ఇద్దరు రోగుల ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం ఒకేలా 90 ఉన్నదనుకోండి. ఒకరు మామూలు గాలి పీలుస్తున్నారు. అందులో ఆక్సిజన్ వందకు 21 పాళ్లు. 90ని 0.21తో భాగిస్తే సుమారు 429 వస్తుంది. రెండవవారికి వెంటిలేటర్ ద్వారా వందకు 60 పాళ్లు ఇస్తున్నారు. 90ని 0.6తో భాగిస్తే 150 మాత్రమే. మొదటివారి ఊపిరితిత్తులు బాగున్నాయి. రెండవవారివి తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఊపిరితిత్తులు హఠాత్తుగా నీరుపట్టి విఫలమయ్యే జబ్బులో ఈ భాగహారం 300 లేక అంతకు తక్కువైతే జబ్బున్నట్టు, 200కు దిగితే మధ్యస్థమని, 100కు దిగితే తీవ్రమని 2012 నుండి వైద్యలోకం లెక్క కట్టుకొన్నది. కాబట్టి అంకెతో పాటు ఎంత ఇస్తే ఆ అంకె వచ్చిందన్నది తెలియాలి. అది రోజురోజుకూ, ఒక్కొక్కసారి పూటపూటకూ మారుతుంది. వెంటిలేటర్ అమరికలు మార్చిన వెంటనే తీసిన రక్తం కూడా సరైన జవాబివ్వదు. ఇరవై ముప్పై నిమిషాలు ఆగాలి.

రక్తం తీయడంలోనూ పొరపాట్లకు చోటున్నది. సిరంజీలో గాలిబుడగ మిగిలితే ఆక్సిజన్ అంకె మారిపోతుంది. తీసిన రక్తాన్ని ఆలస్యంగా పరీక్షిస్తే, ఆ రక్తంలోని కణాలు ఇంకా బ్రతికే ఉంటాయి గనుక ఆక్సిజన్‌ను వాడుకొని బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ధమనికి బదులు సిరలో సూది దిగితే లెక్కే తారుమారవుతుంది. ఇవన్నీ చూసుకోవడానికే వారు మళ్ళీ మళ్ళీ కొలుస్తారు. మా అనుమానం తీరింది. కుటుంబానికి అదే చెప్పాము.

ఇంటివారికి మరొక బాధ ఉన్నది. ఆమె, అంటే రోగి భార్య, యఖ్నీ కాచి సీసాలో పోసుకొని రోజూ ఆసుపత్రికి తెచ్చేవారు. "గొట్టం ద్వారా పోసే ఆ పిండినీళ్ల వల్ల ఆయనకేం బలం వస్తుంది? ఇంకా ఎక్కువ పెట్టమనండి" అని కన్నీళ్లు పెట్టుకొన్నారు. వైద్యుడు దానికీ కొలతతోనే జవాబిచ్చారు. తిన్న ఆహారం శరీరంలో మండినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అవసరానికి మించి పెడితే, ముఖ్యంగా పిండిపదార్థాలు, ఆ వాయువు ఇంకా ఎక్కువ పుడుతుంది. దానిని బయటికి నెట్టే శక్తి లేని ఊపిరితిత్తులకు అది అదనపు బరువు. వెంటిలేటర్ నుండి విడిపించడం ఆలస్యమవుతుంది. తక్కువ పెడితే ఊపిరి కండరాలే కరిగిపోతాయి. అందువల్ల ఎంత పెట్టాలన్నది ప్రేమతో తేల్చగలిగిన విషయం కాదు.

దీనికి అసలైన కొలత ఒకటున్నది. మనిషి నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకొన్నాడు, ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలాడు అన్నది లోనికిపోయే గాలినీ బయటికొచ్చే గాలినీ పోల్చి లెక్కకట్టడం. విశ్రాంతిగా ఉన్న పెద్దమనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడి, 200 మిల్లీలీటర్ల బొగ్గుపులుసు వాయువు వదులుతాడు. ఆ రెంటిని బట్టి రోజుకు దాదాపు 1700 కిలోకేలరీల శక్తి ఖర్చవుతున్నదని తెలుస్తుంది. రెండింటి నిష్పత్తి 0.8 దగ్గర ఉంటుంది. కొవ్వు మాత్రమే మండితే 0.7, పిండిపదార్థం మాత్రమే మండితే 1. కొలతలో ఈ హద్దులకు బాగా బయట ఉన్న అంకె వస్తే రోగిని కాదు, ముందు యంత్రాన్ని అనుమానించాలి.

వినడానికి సులువుగానే ఉన్నది. కాని వెంటిలేటర్ మీద ఉన్న రోగి విషయంలో ఇది చాలా కష్టమైన కొలత. మా బజారులోని ఒక ఉదాహరణతో చెబుతాము. లారీని సరుకుతో సహా కాటా మీద తూచి, దింపిన తరువాత ఖాళీ లారీని తూచి, తేడాను సరుకు బరువుగా తీసుకొంటారు. లారీ నిండా శనగలుంటే కాటాలో ఐదు కిలోల పొరపాటును ఎవరూ లెక్కచేయరు. లారీలో ఉన్నది ఒక్క బస్తా మాత్రమే అయితే ఆ ఐదు కిలోలే పెద్ద మోసమవుతుంది. వాడుకొన్న ఆక్సిజన్ కూడా ఇలా రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడా. పైగా జాన్ స్కాట్ హాల్డేన్ పేరుతో వాడుకలో ఉన్న లెక్క, శరీరం వాడుకోని నైట్రోజన్‌ను ఆధారం చేసుకొని లోనికిపోయిన గాలి ఎంతో తేలుస్తుంది. ఇచ్చే ఆక్సిజన్ పెరిగినకొద్దీ నైట్రోజన్ తగ్గి, ఆ ఆధారమే బలహీనపడుతుంది.

అంకెల్లో చూద్దాం. రోగి నిమిషానికి ఏడు లీటర్ల గాలి వదులుతున్నాడు. లోనికిపోయే ఆక్సిజన్‌ను కొలవడంలో వందకు పదోవంతు పాలు, అంటే 21కి బదులు 21.1 అన్నంత చిన్న పొరపాటు జరిగింది. మామూలు గాలి పీలుస్తుంటే దానివల్ల వాడుకొన్న ఆక్సిజన్ లెక్కలో వచ్చే తప్పు సుమారు 9 మిల్లీలీటర్లు. వందకు 60 పాళ్లు ఇస్తుంటే అదే పొరపాటు 17 లేక 18 మిల్లీలీటర్లవుతుంది. 80 పాళ్లయితే 35. 90 పాళ్లయితే 70. వాడుకొన్నదే 250 అయితే అందులో 70 తప్పంటే ఆ కొలతతో పని లేదు. అందుకే 60 పాళ్లకు పైగా ఆక్సిజన్ ఇస్తున్న రోగిలో ఈ పరీక్ష ఫలితాన్ని వైద్యులు అంతగా నమ్మరు.

ఇంకా ఆటంకాలున్నాయి. గొట్టం చుట్టూ గాలి లీకైతే బయటికొచ్చిన గాలి మొత్తం లెక్కలోకి రాదు. ఊపిరిలోని నీటి ఆవిరిని తీసివేయకపోతే అంకె మారుతుంది. యంత్రాన్ని ముందుగా వేడెక్కనిచ్చి, పాళ్లు తెలిసిన గ్యాసుతో సరిచూసుకోవాలి. రోగి అటూ ఇటూ కదులుతున్నా, జ్వరంతో వణుకుతున్నా, అప్పుడే కఫం తీసినా ఆ గడియలోని కొలత రోజంతటికీ వర్తించదు. ఇటువంటి యంత్రాలు ఖరీదైనవి, పెద్ద ఆసుపత్రులలో కూడా అరుదు. లేనిచోట బరువును బట్టి లెక్కకట్టి ఆహారం ఇస్తూ, మార్పులను కనిపెట్టుకొని ఉంటారు. మేము ఈ సంగతులను ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పాము. యఖ్నీ సీసాను ఆమె బయట వేచి ఉన్న వేరే రోగి బంధువులకు ఇచ్చారు.

మన చేతిలో ఉండే చిన్న యంత్రం గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. పల్స్ ఆక్సీమీటర్‌కు మూలసూత్రాన్ని 1974లో జపానుకు చెందిన తకువో అయోయాగి కనుగొన్నారు. ఎర్రకాంతినీ కంటికి కనిపించని పరారుణ కాంతినీ వేలిలోనికి పంపి, నాడితో పాటు హెచ్చుతగ్గులయ్యే భాగాన్ని బట్టి లెక్క చెబుతుంది. చేతులు చల్లబడినా, రక్తపోటు పడిపోయినా, వేలు కదిలినా తప్పు చెప్పవచ్చు. గోళ్ల రంగు, ముఖ్యంగా నల్ల మెహందీ, కాంతికి అడ్డుపడవచ్చు. కనుక రంగు లేని వేలిని ఎంచుకోవాలి. బొగ్గుల కుంపటి గదిలో పొగకు సొమ్మసిల్లినవారిలో ఇది ఘోరంగా మోసపోతుంది. రక్తానికి పట్టిన విషవాయువును కూడా ఆక్సిజన్‌గానే లెక్కవేస్తుంది. చర్మపు రంగు కూడా తేడా తెస్తుంది. 2020 డిసెంబరులో అమెరికాలోని మిచిగాన్ పరిశోధకులు ప్రకటించినదాని ప్రకారం, యంత్రం 92 నుండి 96 వరకు చూపినప్పుడు అసలు రక్తంలో 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో వందకు 3.6 అయితే నల్లవారిలో 11.7. మన ప్రాంతపు ప్రజల చర్మం కూడా ఛాయ ఎక్కువైనదే గనుక, అంకె బాగున్నా మనిషి బాగాలేకపోతే మనిషినే నమ్మాలి.

ఇంట్లో రోగి ఉన్నవారు గుర్తుంచుకోవలసినవి ఇవి. ఆక్సిజన్ కూడా మందే. వైద్యుడు చెప్పిన లీటర్లకు మించి తిప్పవద్దు. అంకె తగ్గితే వైద్యుణ్ణి అడగండి, అలాగని భయంతో ఆక్సిజన్ పూర్తిగా తీసివేయవద్దు. నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు ఆడుతున్నదో గడియారం చూసి లెక్కపెట్టండి. పిలిస్తే పలుకుతున్నారా, మాట తడబడుతున్నదా, ఉదయం తలనొప్పి, పగటిపూట మగత ఉన్నాయా అని చూడండి. లేపినా లేవని నిద్రను విశ్రాంతి అనుకోవద్దు. రోగి ఐసీయూలో ఉంటే "అంకె ఎంత?" అని మాత్రమే అడగక, "ఎంత ఆక్సిజన్ ఇస్తే ఆ అంకె వచ్చింది? బొగ్గుపులుసు వాయువు ఎంత ఉన్నది? నిన్నటికంటే మేలా?" అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు ఏ వైద్యుడూ నొచ్చుకోడు.

తూనికలు కొలతలలో తగ్గించేవారిని హెచ్చరించడానికి దివ్య ఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ అనే పేరుతో ఒక సూరానే ఉన్నది. దానిని మేము పిల్లలకు ఎన్నోసార్లు బోధించాము. బోధించినప్పుడల్లా మా కళ్ళముందు నిలిచేది అంగడివాడి త్రాసు మాత్రమే. తెలియని అంకె మీద తెలిసినట్టు తీర్పు చెప్పడం కూడా కొలతలో చేసే తప్పేనని మాకు ఆ రాత్రి బోధపడింది. ఒక ఇంటివారు మా మాటను నమ్మి రోగిని నిద్రపోనిచ్చారు. అక్కగారు ఆ సమయానికి రాకపోతే ఆ నమ్మకానికి మేము ఏమని జవాబు చెప్పేవారము?

అల్లాహ్ దయవల్ల ఆయన తొమ్మిదవ రోజున వెంటిలేటర్ నుండి బయటపడ్డారు. మూడు వారాలకు ఇంటికి చేరారు. నడక తగ్గింది, మాట తగ్గింది. అస్ర్ వేళకు కుమారుడు మోటారుసైకిలు మీద మసీదుకు తీసుకువస్తే కుర్చీలో కూర్చొని నమాజు చేస్తున్నారు. మేము వారి చేయి పట్టుకొని క్షమాపణ అడిగాము. "హజరత్! మీరు దుఆ చేయడానికి వచ్చారు, వైద్యం చేయడానికి కాదు కదా" అన్నారు. అది వారి పెద్దమనసు.

మసీదులోని ఆ కాన్సంట్రేటర్ ఇప్పుడు కూడా ఇళ్లకు వెళ్ళివస్తున్నది. వైద్యుని చీటీ లేకుండా ఇవ్వకూడదని కమిటీవారు నిర్ణయించారు. చీటీలో ఎన్ని లీటర్లు వ్రాసి ఉంటే ఆ గీత దగ్గర ఎర్ర రంగు చుక్క పెట్టి ఇస్తున్నారు. దానితో పాటు తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసిన ఒక కాగితం కూడా వెళుతుంది. ఆ కాగితంలోని మొదటి వాక్యాన్ని అక్కగారే చెప్పి వ్రాయించారు: అంకె చూసే ముందు మనిషిని పిలిచి చూడండి.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, వారిని కనిపెట్టుకొని ఉండేవారికి ఓర్పును ప్రసాదించుగాక! ఆమీన్.